ఒంటిగంట మాత్ర, అయిదు ఈలలు

ఆ ఏడు చింతలంక మండలానికి అర్జంటుగా ఒక జబ్బు కావలసి వచ్చింది. ఉన్నవి చాలక కాదు. నిర్మూలించడానికి.

పైనుంచి ఉత్తర్వు దిగింది. ప్రతి మండలమూ తనకు నచ్చిన ఒక వ్యాధిని ఎంచుకుని, తొంభై రోజుల్లో దాన్ని సమూలంగా తుడిచిపెట్టి, తనను తాను ‘వ్యాధి రహిత మండలం’గా ప్రకటించుకోవాలి. బాగా తుడిచినవాళ్ళకి షీల్డు. మండల అభివృద్ధి అధికారి భుజంగరావుగారికి షీల్డులంటే చిన్నపిల్లలకి జీళ్ళంటే ఉండేంత ఇష్టం. కిందటేడు ఆయన బహిరంగ మలవిసర్జనను నిర్మూలించి ఒకటి సంపాదించారు. చెరువుగట్టు మీద నడిచేవాళ్ళు ఈనాటికీ కిందికి చూసుకునే నడుస్తారు గానీ, షీల్డు మాత్రం ఆఫీసు బీరువాలో ధగధగా మెరుస్తూనే ఉంది.

జబ్బును ఎంపిక చేయడానికి సమావేశం పెట్టారు. మలేరియా అన్నారొకరు. దోమలకు సర్క్యులర్లు చదివే అలవాటు లేదని భుజంగరావుగారు కొట్టిపారేశారు. షుగరు అన్నాడు ఇంకొకాయన. ఆ అన్నాయన చక్కెర లేని టీ తాగుతున్నాడు. పక్కనున్న ఆరుగురూ అదే తాగుతున్నారు. భుజంగరావుగారైతే రోజూ భోజనానికి ముందు గోడవైపు తిరిగి, జేబులోంచి ఒక మాత్ర తీసి, దొంగసొత్తు దాచేసినట్టు గుటుక్కున మింగుతారు. ఈ సంగతి ఆఫీసులో అందరికీ తెలుసు. అందరికీ తెలుసన్న సంగతి ఆయనకి తెలియదు.

“సొంత సిబ్బందిని నిర్మూలించుకొనుట పరిపాలనా దృష్ట్యా వాంఛనీయం కాదు,” అన్నారాయన. “అత్యల్ప సంఖ్యలో బాధితులు గల వ్యాధి ఏదైనా కలదా?”

ఆరోగ్య కేంద్రంలో మందులిచ్చే రోజ్‌మేరీ వెనక బెంచీలోంచి లేచింది. అమాయకురాలు. అడిగినదానికి నిజం చెప్పడం తప్ప వేరే ఉద్యోగధర్మం ఎరగదు.

“బ్లడ్ క్యాన్సరండి. మండలం మొత్తానికి ఒక్కరే ఉన్నారు. క్లారినెట్ బుల్లబ్బాయిగారు.”

“ఒక్కరేనా?” భుజంగరావుగారు కుర్చీ అంచుకి జరిగారు. “ఇంకెవరికైనా వచ్చు సూచనలు?”

“అది మనకెలా తెలుత్తాదండి?”

“తొంభై రోజుల వరకు రానివ్వకండి,” అని ఆయన చప్పట్లు కొట్టారు. నలభై వేల జనాభాలో ఒక్కడు. నిర్మూలన దాదాపు పూర్తయిపోయినట్టే. మిగిలిందల్లా ఆ ఒక్కడు.

ఆ ఒక్కడి పేరు గుత్తుల బుల్లబ్బాయి. వీరభద్రా బ్యాండులో క్లారినెట్ వాయిస్తాడు. రెండేళ్ళ కిందట ఒక పెళ్ళి ఊరేగింపులో పాట సగంలో ఊపిరందక కూలబడిపోయాడు. తాగొచ్చాడన్నారు పెళ్ళివారు. కాకినాడలో డాక్టరమ్మ రక్తం తీయించి చూసి, పదిమందికి సరిపడా తెల్లకణాలు ఒక్కడిలోనే ఉన్నాయని తేల్చింది. ఆ మాట విన్న రోజు బుల్లబ్బాయి క్లారినెట్టుని పాత పంచెలో చుట్టి అటకెక్కించేశాడు. మర్నాడు పొద్దున్నే అతని భార్య మంగతాయారు నిచ్చెనేసుకుని దాన్ని కిందికి దించింది.

“అటకెక్కిద్దాంలే. ఇంకా టైముంది,” అంది.

డాక్టరమ్మ ఒక పసుపురంగు మాత్ర రాసిచ్చింది. రోజుకొకటి, అన్నం తిన్నాక, చెంబుడు నీళ్ళతో. బుల్లబ్బాయి ఒంటిగంటకి భోంచేస్తాడు కాబట్టి అది ఒంటిగంట మాత్ర అయింది. బయట కొనాలంటే కొంప అమ్ముకోవాలి గానీ, సర్కారే ఉచితంగా పంపిస్తుంది, నెలనెలా రోజ్‌మేరీ ఇస్తుంది. ఏడాది తిరిగేసరికి రక్తపరీక్ష కాగితంలో ‘జబ్బు కనబడలేదు’ అని వచ్చింది. బుల్లబ్బాయి ఆసుపత్రి వరండాలోనే ఎగిరి గంతేయబోతే డాక్టరమ్మ చెయ్యి పట్టుకుని ఆపింది.

“కనబడలేదంటే పోయిందని కాదయ్యా. పాము పుట్టలో పడుకుంది. ఈ మాత్ర పుట్ట మీద బండరాయి. రాయి తీశావంటే పైకొచ్చేస్తుంది. నేను చెప్పకుండా ఒక్క రోజు కూడా మానకు.”

అప్పట్నుంచీ బుల్లబ్బాయి ఒక్క రోజు మానలేదు. పెళ్ళిమేళంలో ఉన్నా, చావుమేళంలో ఉన్నా ఒంటిగంటయితే క్లారినెట్ కింద పెట్టి క్యారేజీ విప్పేవాడు. ప్రాణం మీద తీపి అనండి, మంగతాయారు మీద భయమనండి, రెండూ ఉన్నాయి.

భుజంగరావుగారు నిర్మూలనకు సర్క్యులర్ తయారుచేయమన్నారు. కంప్యూటర్ మీద పనిచేసే గుమాస్తా తెలివైనవాడు. ఉన్న సర్క్యులర్ ఉండగా కొత్తది రాయడమెందుకని, కిందటేటిది తీసి, అందులో ‘బహిరంగ మలవిసర్జన’ అన్నచోటల్లా ‘రక్త క్యాన్సర్’ అని ఒక్క నొక్కుతో మార్చేశాడు. భుజంగరావుగారు సంతకం పెట్టేశారు. సంతకం పెట్టేవాళ్ళు చదవడం ఆ ఆఫీసులో ఆనవాయితీ కాదు. సర్క్యులర్ ఇలా వెలువడింది:

‘చెరువు గట్ల మీదను, రైలు పట్టాల ప్రక్కను, తుప్పల చాటునను రక్త క్యాన్సర్‌కు పాల్పడు వారిని గుర్తించి, ఈలలు ఊది నిరుత్సాహపరచవలెను. ఇందుకై అయిదుగురు సభ్యులతో ఈలల దళం ఏర్పాటు చేయవలెను. మహిళల ఆత్మగౌరవం దృష్ట్యా రక్త క్యాన్సర్‌ను ఎవరి పెరట్లో వారే, తలుపు గడియ వేసుకొని ఆచరించునట్లు ప్రోత్సహించవలెను. అనంతరం చేతులు సబ్బుతో కడుగుకొనవలెను.’

ఈలల దళానికి నాయకుడు డోలు నూకరాజు. పొద్దుట పంచాయతీలో పారిశుధ్యం పని, పెళ్ళిళ్ళ రోజుల్లో బుల్లబ్బాయి బ్యాండులోనే డోలు. కిందటేడు ఇచ్చిన ఈలలే ఉన్నాయి, మెడలో వేసుకుని బయల్దేరారు. రెండు రోజులపాటు తెల్లారకుండా లేచి చెరువుగట్టూ రైలుపట్టాలూ గాలించారు. గట్టు మీద జనం బాగానే కనబడ్డారు గానీ, వాళ్ళు చేస్తున్నది కిందటేడే నిర్మూలించబడిన పని కాబట్టి, అది లేదన్నట్టే భావించి నూకరాజు పక్కనుంచి వచ్చేశాడు.

మూడో రోజు వెళ్ళి రోజ్‌మేరీని అడిగాడు. “అమ్మా, ఈ రక్త క్యాన్సరుకి పాల్పడ్డం అంటే ఏం సేత్తారండి? సూత్తే పోల్చుకోడానికి ఏదో ఒక గుర్తుండాలి కదండీ.”

రోజ్‌మేరీ తల గోక్కుంది. “ఆయన సేసేదల్లా ఒంటిగంటకి మాత్ర వేసుకోడమే నూకరాజూ.”

ఆ మధ్యాహ్నం బుల్లబ్బాయి తన ఇంటి అరుగు మీద అన్నం తిని, మాత్ర నోట్లో వేసుకుని చెంబెత్తాడు. దడి అవతల అయిదు ఈలలు ఒక్కసారి కీచుమన్నాయి. నీళ్ళు అడ్డంపడ్డాయి. మంగతాయారు నెత్తిమీద తట్టి, గరిట పట్టుకుని దడి దగ్గరికి వెళ్ళింది.

“ఏటిరా ఇది, మందేసుకునే మనిషి దగ్గిర?”

“ఏవనుకోకు అప్పా, డ్యూటీ,” అన్నాడు నూకరాజు బిక్కమొహంతో. “గురువుగారు బైట మింగుతున్నారు కదా. పెరట్లోకెళ్ళి గడేసుకుని మింగమని రాసుంది. చేతులు కూడా కడుక్కోమని ఉంది.”

బుల్లబ్బాయి దగ్గు తగ్గించుకుని అన్నాడు: “ఊదితే ఊదావు గానీ, అదేం ఊదుడ్రా? అయిదుగురూ అయిదు శ్రుతుల్లో ఉన్నారు. వినలేక చచ్చేలా ఉన్నాను. నువ్వు నా మేళంలో వాడివని బైట సెప్పుకుంటే నా పరువేం గాను?”

మర్నాడు వాళ్ళు మళ్ళీ వచ్చారు, మళ్ళీ ఊదారు. డ్యూటీ డ్యూటీయే. మూడో రోజుకి బుల్లబ్బాయి భరించలేక క్లారినెట్ తెచ్చుకుని వాళ్ళని వరసగా కూర్చోబెట్టాడు. ఎవరి ఈల మంద్రమో, ఎవరిది తారస్థాయో విడదీశాడు. వారం తిరిగేసరికి అతను చెంబు దించగానే దడి అవతలినుంచి పెళ్ళికూతురు గడప దాటేటప్పుడు వాయించే వరస అయిదు ఈలల మీద కమ్మగా వినిపించసాగింది. వీధిలో వాళ్ళు గడియారాలు సరిచేసుకునేవారు. పక్కింటావిడ కూర పొయ్యి మీదనుంచి దించేది. నూకరాజు రోజువారీ నివేదికలో ‘నిరుత్సాహపరచడమైనది’ అని రాసుకునేవాడు.

ఇంతవరకూ వేళాకోళమే. అసలు సంగతి రెండు నెలలు దాటాక ఒక నెలాఖరున బయటపడింది. మాత్రల కోసం వెళితే రోజ్‌మేరీ అలమర తెరిచి చూపించింది. పసుపు డబ్బా ఉండేచోట దుమ్ములో నలుచదరపు మచ్చ మాత్రం మిగిలింది.

“పట్టుకుపోయారండి బుల్లబ్బాయిగారూ,” అంది, తప్పు తనదే అయినట్టు. ఆమె చేతిలో ఉత్తర్వుంది. ‘వ్యాధి లేని చోట మందు నిల్వ ఉంచరాదు. మందు నిల్వ ఉన్నచో వ్యాధి ఉన్నట్లుగానే పరిగణించబడును.’

నెల నిండకముందే తెచ్చుకునే అలవాటు వల్ల ఇంట్లో ఇంకా ఇరవై రెండు మాత్రలున్నాయి. మంగతాయారు వాటిని పప్పుడబ్బాలోంచి తీసి చాప మీద పోసి రెండుసార్లు లెక్కపెట్టింది. ఎన్నిసార్లు లెక్కపెట్టినా ఇరవై రెండే. బుల్లబ్బాయికి రెండేళ్ళ తర్వాత మళ్ళీ భయమేసింది. ఆ భయం అతను ఎరిగినదే. పాట సగంలో ఊపిరి అందనప్పటిది.

మొగుడూ పెళ్ళాలు మండలాఫీసుకి వెళ్ళారు. భుజంగరావుగారు కుర్చీలోంచి లేచి మరీ ఎదురొచ్చారు.

“రండి, రండి. మీరు మా మండలంలో సాధారణ పౌరులు కారు. మీరు నూటికి నూరు శాతం.”

“నా మాత్రలండి బాబూ,” అన్నాడు బుల్లబ్బాయి.

భుజంగరావుగారు ఫైలు తెరిచారు. “మీ తాజా పరీక్షలో జబ్బు కనబడలేదని స్పష్టముగా కలదు. మీ రక్తమే మీకు వ్యతిరేకంగా సాక్ష్యం చెప్పుచున్నది. కనబడని జబ్బుకు కనబడే మందు ఎట్లా ఇవ్వగలం?”

“మాత్ర ఏసుకుంటన్నాను కాబట్టి కనబడలేదండి. మానేత్తే కనబడతాది.”

“కనబడిన పిదప దరఖాస్తు పెట్టుకొనుడు. తక్షణం పరిశీలించెదము.” ఆయన కాస్త ఆలోచించి క్యాలెండర్ చూశారు. “అయితే వచ్చే నెల ఇరవైన ప్రకటన సభ. అంతవరకు కనబడరాదు. తదుపరి మీ ఇష్టం, మీ వీలునుబట్టి కనబడవచ్చును.”

మంగతాయారు కొంగు బిగించింది. “దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడని, డాక్టరమ్మ బతకమంటే తమరు వద్దంటన్నారేటండీ?”

“అమ్మా, నేను వ్యక్తిగతంగా మీ వారి ఆరోగ్యాన్ని కాంక్షించువాడను,” అన్నారాయన. నిజంగానే కాంక్షిస్తున్నారు, కళ్ళలో తెలుస్తోంది. “వారు జబ్బు లేకుండుటకు ఎంత కృషి చేయుచున్నారో, వారికి జబ్బు లేదని చెప్పుటకు నేనంత కృషి చేయుచున్నాను. ఇద్దరి లక్ష్యమూ ఒక్కటే.”

చివరికి ఆయన ఒక రాజీమార్గం సూచించారు. పక్కనున్న వేగిరాల మండలానికి బుల్లబ్బాయిని తాత్కాలిక ప్రాతిపదికన బదిలీ చేస్తారు. అక్కడ జబ్బు మనిషిగా నమోదయితే అక్కడే మాత్రలిస్తారు. సభ అయ్యాక తిరిగి రావచ్చు. గవర్నమెంటు జీపు, రానుపోను కాదు గానీ, పోను మాత్రం ఉచితం.

మర్నాడు పది గంటలకి జీపు కాలవ మీది తూము దగ్గర ఆగింది. తూముకి ఇటు చింతలంక, అటు వేగిరాల. అటువైపు కూడా ఒక జీపు ఆగి ఉంది. అందులోంచి వేగిరాల అధికారి దిగాడు. ఆయన వెనక చేతిసంచీతో ఒక ముసలామె దిగింది. పేరు శారమ్మ. వేగిరాల మండలానికి ఉన్న ఒకే ఒక్క రక్త క్యాన్సర్. వేగిరాలవాళ్ళు కూడా అత్యల్ప సంఖ్య గల వ్యాధి కోసమే వెతికారు. ఆమెను తాత్కాలిక ప్రాతిపదికన చింతలంకకి బదిలీ చేయడానికి తెచ్చారు.

అధికారులిద్దరూ తూము మధ్య నిలబడి ఉత్తర్వులు మార్చుకున్నారు. ఒకరినిచ్చి ఒకరిని పుచ్చుకుంటే ఇద్దరి దగ్గరా ఒకరు మిగులుతారని గ్రహించడానికి వాళ్ళకి ముప్పావుగంట పట్టింది. ఆ తర్వాత, ముందు ఎవరు పుచ్చుకోవాలన్న దాని మీద నిబంధనలు చదువుకోవడం మొదలెట్టారు.

బుల్లబ్బాయి ఒళ్ళో క్లారినెట్ పెట్టుకుని శారమ్మ పక్కన తూము గోడ మీద కూర్చున్నాడు.

“అన్నానికి ముందా, తరవాతా?” అని అడిగింది శారమ్మ.

“తరవాతండి. ఒంటిగంటకి.”

“నాదీ తరవాతే. పిక్కలు పట్టేత్తాయా?”

“పట్టేత్తాయండి. పొద్దున్న లేత్తే కళ్ళకింద ఉబ్బు.”

“అది ఉంటాది. నాకు తొమ్మిదేళ్ళు. మాత్ర మొదలెట్టినప్పుడు మనవరాలు పాకేది. ఇప్పుడు సైకిలు తొక్కుతా ఉంది. నీకేం పరవాలేదు నాయనా, ఊదుకో నీ బూరా.”

బుల్లబ్బాయికి కళ్ళు చెమ్మగిల్లాయి. రెండేళ్ళుగా ఊరంతా అతన్ని అయ్యోపాపమంది, దూరం నుంచి చూసింది, దేవుళ్ళ పేర్లు చెప్పింది. అన్నానికి ముందా తర్వాతా అని అడిగినవాళ్ళు మాత్రం లేరు. నలభై వేలమందిలో ఒక్కడు కావడం జబ్బుకన్నా బరువని అతనికి ఆ తూము గోడ మీదే తెలిసింది.

శారమ్మ సంచీలోంచి స్ట్రిప్పు తీసింది. “నా కాడ ఇరవై నాలుగున్నాయి. నాలుగు తీసుకో.”

“వద్దండి. మీయి మీకే చాలవు.”

“మా ఊళ్ళో కూడా డబ్బా పట్టుకుపోయారు లే. ఇరవై ఏసుకున్నా ఇరవై నాలుగేసుకున్నా ఆ తరవాతి రోజు ఒకటే గదా.”

ఆమె ఎంత చెప్పినా అతను పుచ్చుకోలేదు. ఒంటిగంట కావస్తున్నా అధికారులు ఏడో నిబంధన దగ్గరే ఉన్నారు. జీపులు పోను మాత్రమే కాబట్టి, ఇద్దరూ లేచి, ఎవరి మండలంలోకి వాళ్ళు అన్నానికి నడిచి వెళ్ళిపోయారు.

ప్రకటన సభ రోజుకి మాత్ర ఒక్కటే మిగిలింది. మంగతాయారు స్ట్రిప్పులో ఆ ముక్క కత్తిరించి కొంగున ముడేసుకుంది.

ఊరి మొగలో కొత్త బోర్డు వెలిసింది. ‘రక్త క్యాన్సర్ రహిత చింతలంక మండలం మీకు స్వాగతం పలుకుచున్నది. చేతులు సబ్బుతో కడుగుకొనుడు.’ పందిట్లో రెండువేల మంది. స్వాగతానికి వీరభద్రా బ్యాండునే పెట్టారు. ఈలల దళం యూనిఫాం వేసుకుని వేదిక పక్కన వరసగా నిలబడింది. రాజధాని నుంచి పరిశీలనాధికారిణి వసుంధరాదేవిగారు వచ్చారు. మంచి మనిషే గానీ, ఆవిడకొక దురలవాటు ఉంది. ఇచ్చిన కాగితాలు చదువుతారు.

పదకొండుకి మొదలవ్వాల్సిన సభ పన్నెండున్నరకి మొదలైంది. భుజంగరావుగారు తన పోరాటాన్ని వివరించారు. తాను బాధ్యతలు స్వీకరించిన నాడు మండలంలో నూరు శాతం రోగులు ఉండిరనీ, నేడు శూన్యమనీ చెప్పారు. తర్వాత ‘మాజీ రోగి’ బుల్లబ్బాయిని వేదిక మీదికి పిలిచి, శాలువా కప్పి, చేతిలో చీటీ పెట్టారు. చీటీలో ఒకే వాక్యం. ‘నాకు ఏ జబ్బూ లేదు, ఏ మందూ అవసరం లేదు.’

బుల్లబ్బాయి మైకు ముందు నిలబడ్డాడు. చదివితే మాత్ర ఉండదు. చదవకపోతే ఉంటుందన్న నమ్మకమూ లేదు. చీటీ కేసి చూశాడు. ఊపిరి సగంలో ఆగినట్టయింది. సరిగ్గా అప్పుడు మంగతాయారు క్యారేజీ పట్టుకుని వేదిక మెట్లెక్కింది.

“ఏమమ్మా, సభ నడుచుచున్నది,” అన్నారు భుజంగరావుగారు గాభరాగా.

“సభ కాసేపు ఆగుద్దండి. ఒంటిగంట ఆగదు.”

ఆమె బల్ల మీద షీల్డు పక్కకి జరిపి, గిన్నె విప్పి, పెరుగన్నం కలిపి పెట్టింది. బుల్లబ్బాయి చీటీని గిన్నె కింద పెట్టుకుని తిన్నాడు. రెండువేల మంది చూస్తూ ఉంటే తినడం అతనికి కొత్త కాదు, బ్యాండు వాళ్ళకి పెళ్ళిళ్ళలో అలవాటే. తిన్నాక ఆమె కొంగుముడి విప్పింది. ఆఖరి మాత్ర. అతను నోట్లో వేసుకుని చెంబెత్తాడు. మైకు ఎదురుగానే ఉండటంతో గుటక పందిరంతా వినిపించింది.

చెంబు దిగింది. నెలలుగా చేతికీ నోటికీ పట్టిన అలవాటు. అయిదు ఈలలూ ఒక్కసారి లేచి, గడప దాటే వరసని మొదటినుంచి చివరిదాకా, శ్రుతి తప్పకుండా ఊదేశాయి. మేళంలో డప్పులవాళ్ళు కూడా ఉండబట్టలేక అందుకున్నారు. జనం చప్పట్లు కొట్టారు.

“ఏమిటిది?” అన్నారు వసుంధరాదేవిగారు.

“స్వాగత గీతమండి,” అన్నారు భుజంగరావుగారు.

ఆవిడ అప్పటికే సర్క్యులర్ తీసి చదువుతున్నారు. నూకరాజుని పిలిచారు. “ఈల ఎప్పుడు ఊదాలని మీకు ఉత్తర్వు?”

నూకరాజు నిటారుగా నిలబడ్డాడు. అబద్ధమాడటం డ్యూటీలో లేదు. “రక్త క్యాన్సరుకి ఎవరైనా బైట పాల్పడితే ఊదాలండి. ఎనభై ఎనిమిది రోజుల్నుంచి ఒక్క రోజు మానకుండా ఊదుతున్నామండి. గురువుగారొకరే పాల్పడతన్నారండి.”

ఆవిడ కళ్ళజోడు సవరించుకుని అక్కడికక్కడే నివేదిక రాశారు. ‘మండలంలో రక్త క్యాన్సర్ నేటికీ ప్రతిదినమూ మధ్యాహ్నం ఒంటిగంటకు, బహిరంగముగా, ప్రజాసమక్షంలో, వాద్య సహకారంతో జరుగుచున్నట్లు కన్నులారా చూడడమైనది. వ్యాధి ఉన్న చోట మందు నిల్వ లేకపోవుట నేరము. తక్షణం సరిచేయవలెను.’

సాయంత్రానికల్లా పసుపు డబ్బా అలమరలో దుమ్ము మచ్చ మీదికి తిరిగి వచ్చింది. రోజ్‌మేరీ స్వయంగా ఇంటికి తెచ్చి ముప్పై మాత్రలిచ్చింది. బుల్లబ్బాయి వాటిని చాప మీద పోసి రెండుసార్లు లెక్కపెట్టాడు. మంగతాయారు పొయ్యి దగ్గరికెళ్ళి, పొగ లేకపోయినా కళ్ళు తుడుచుకుంది. భుజంగరావుగారు వారం రోజులు సెలవు పెట్టారు.

షీల్డు వేగిరాలకి వెళ్ళిపోయింది. అక్కడ ఈలలు శ్రుతి లేనివి కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు. షీల్డు వెళ్ళిన మర్నాడే శారమ్మ చేతిసంచీతో తూము దాటి బుల్లబ్బాయి అరుగు మీదికొచ్చి కూర్చుంది. రోజ్‌మేరీ ఆమె చిరునామా ‘బుల్లబ్బాయి అరుగు, చింతలంక’ అని రాసి మాత్రలిచ్చింది. తర్వాత ఒకరొకరే వచ్చారు. ఏ మండలంలో చూసినా ఒకరో ఇద్దరో ఉండే జబ్బు కాబట్టి జిల్లాలో అధికారులందరికీ అదే నచ్చింది. జిల్లా మొత్తం మీద రక్త క్యాన్సర్‌కి అధికారికంగా అనుమతి ఉన్న చోటు ఒక్క చింతలంకే మిగిలింది. ఏడాది తిరిగేసరికి నెలకోసారి మాత్రలకి వచ్చేవాళ్ళు పదకొండు మంది. మంగతాయారు వాళ్ళకి వండటానికి పెద్ద గంజు కొంది. ఆ రోజు ఒంటిగంటకి పదకొండు చెంబులు ఒక్కసారి దిగేవి. నూకరాజు దళంలోకి ఇంకో ఇద్దరిని చేర్చుకున్నాడు.

మళ్ళీ ఏడు కొత్త ఉత్తర్వు వచ్చింది. ఈసారి మండలాలకి జబ్బు ఎంచుకునే స్వేచ్ఛ ఇవ్వలేదు, జబ్బుని పైవాళ్ళే నిర్ణయించారు. షుగరు. ప్రతి అధికారీ నిర్మూలనను ముందుగా తన కార్యాలయం నుంచే ప్రారంభించవలెను. ఈలల దళాలు యథాతథం. మందుల నిల్వలు వెనక్కి పంపవలెను.

ఉత్తర్వు అందిన మూడో రోజు, అది మాత్రలిచ్చే రోజే, ఒంటిగంటకి పది నిమిషాల ముందు, భుజంగరావుగారు బుల్లబ్బాయి ఇంటి దడి దగ్గర కనబడ్డారు. జీపు లేదు, ఫైలు లేదు. లోపలికొచ్చి అరుగు చివర, గోడవైపు తిరిగి కూర్చున్నారు. పదకొండు మంది సర్దుకుని చోటిచ్చారు.

“ప్రభుత్వ పనిమీద రాలేదు,” అన్నారాయన. తర్వాత చాలా చిన్నగా అన్నారు: “నా దగ్గర పద్నాలుగు ఉన్నాయండి.”

మంగతాయారు ఆయన ముందు కూడా విస్తరి వేసింది. ఆమె నోట్లో ఒక మాట తిరిగింది గానీ, మొహం చూసి మింగేసింది. బుల్లబ్బాయి పక్కకి జరిగి అడిగాడు.

“అన్నానికి ముందా అండి, తరవాతా?”

భుజంగరావుగారు తలెత్తి చూశారు. ఇన్నేళ్ళలో ఆయన్ని ఎవరూ అడగని మాట అది. “ముందు,” అన్నారు.

“అయితే ఏసేసుకోండి. గోడకేసి తిరగనక్కర్లేదు, ఇటు తిరిగి ఏసుకోండి.”

ఆయన ఇటు తిరిగారు. జేబులోంచి మాత్ర తీసి, చెంబు పట్టుకుని, దడి కేసి ఒకసారి భయంగా చూశారు. అక్కడ నూకరాజు అప్పుడే ఈల నోటికెత్తుతున్నాడు.

“ఒరే నూకరాజూ,” అని కేకేశాడు బుల్లబ్బాయి. “అయ్యగారికి సన్నగా ఊదరా. కొత్త కదా, జంకుతారు.”